పదునులో ట్రాక్టర్

పాత అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ జిల్లాను విడదీసి 2022 ఏప్రిల్‌లో ఏర్పరచిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఆ కాస్త వానా పడేది ఎక్కువగా పలుచని ఎర్రనేల మీద. ఆ నేల నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచదు. జూన్‌లోనో జూలైలోనో ఒక మంచి వాన పడితే శెనక్కాయ విత్తడానికి పనికొచ్చే పదును కొద్ది రోజులే నిలుస్తుంది. గాలి గట్టిగా వీస్తే ఆ రోజులూ తగ్గుతాయి. దున్నాలన్నా, గుంటక పాయాలన్నా, విత్తనం వేయాలన్నా ఆ లోపలే. ఎద్దులున్న రోజుల్లో ఇంటికో కాడి ఉండేది కాబట్టి ఊరంతా ఒకేసారి పొలంలోకి దిగేది. ఇప్పుడు ఊళ్లో ఉన్న నాలుగైదు ట్రాక్టర్లే గంటల లెక్కన అందరికీ దున్నాలి. నా వంతు ఎప్పుడని ప్రతి రైతూ ఫోన్ చేస్తుంటాడు. పగలు మొదలైన దున్నకం లైట్లు వేసుకుని రాత్రి దాకా సాగుతుంది. డ్రైవర్ నిద్ర చాలక కళ్లు మండుతున్నా దిగడు, దిగనివ్వరు కూడా. ట్రాక్టర్ భద్రత గురించి ఏం మాట్లాడినా ఈ తొందరను లెక్కలోకి తీసుకునే మాట్లాడాలి. జాగ్రత్తగా నడపమని చెప్పడం సులువే. జాగ్రత్త అన్నిటికంటే కరువయ్యేది సరిగ్గా పదును ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే. అందుకే భద్రతను డ్రైవర్ చురుకుదనానికి వదిలేయకూడదనీ, దాన్ని ముందే ఇనుములో బిగించి పెట్టాలనీ, పదును రాకముందే చేసి పెట్టుకునే పనుల్లో కలపాలనీ ఈ అధ్యాయం వాదిస్తుంది.

ఎక్కడైనా ట్రాక్టర్ బోల్తా పడితే ముందుగా వచ్చే మాట డ్రైవర్ అజాగ్రత్త. రెండో మాట అనుభవం లేకపోవడం. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ బోల్తా ఎంతసేపట్లో జరుగుతుందో కొలిచి చూస్తే ఆ మాటలు ఎంత దూరం నిలుస్తాయో తెలుస్తుంది. ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి తిరగబడటానికి మొదటి నుంచి చివరి దాకా పట్టేది సుమారు ఒకటిన్నర సెకను. అందులో మొదటి ముప్పావు సెకను గడిచాక క్లచ్ తొక్కినా లాభం ఉండదు, బరువే దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. ముందు భాగం లేస్తోందని కన్ను గమనించాలి, మెదడు గ్రహించాలి, కాలు క్లచ్ మీదికి చేరి తొక్కాలి. బాగా నిద్రపోయి లేచిన ఆరోగ్యవంతుడికే దీనికంతటికీ ముప్పావు సెకను నుంచి ఒక సెకను పడుతుంది. అంటే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవర్‌కు కూడా మిగిలేది దాదాపు ఏమీ లేదు. అనుభవం ప్రమాదం దగ్గరికి పోకుండా ఆపగలదు, ప్రమాదం మొదలయ్యాక చేయగలిగింది తక్కువ.

వెనక్కి తిరగబడటం ఎందుకు జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే దీన్ని ఇంజిన్ బలం ఎక్కువైందని మాత్రమే అనుకుంటారు. ఇంజిన్ వెనక ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరగడానికి వీలుంటే ట్రాక్టర్ ముందుకు కదులుతుంది. బురదలో దిగబడో, రాయి అడ్డం వచ్చో చక్రం తిరగలేకపోతే ఇంజిన్ ఇచ్చే తిప్పుడు ఎక్కడికీ పోదు. చక్రం కదలదు కాబట్టి ట్రాక్టర్ శరీరమే ఇరుసు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. రెండు చక్రాలే తోసే ట్రాక్టర్‌లో మొత్తం బరువులో ముందు చక్రాల మీద ఉండేది మూడోవంతుకు అటూ ఇటూ. మొదటి గేరులో వెనక ఇరుసు దగ్గర పుట్టే తిప్పుడు ఆ బరువును లేపడానికి సరిపోతుంది. చెరువు మట్టి తోలుతూ చక్రం దిగబడితే దాని ముందు మొద్దో బండరాయో పెట్టి ముందుకు ఎక్కించబోవడం మనకు అలవాటు. ఆ మొద్దు చేసే పని చక్రాన్ని బిగించి పట్టుకోవడమే, ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి కావలసినదంతా అక్కడ అమరిపోతుంది. దిగబడిన ట్రాక్టర్‌ను మట్టి తవ్వి రివర్స్‌లో బయటికి తీయాలి. రివర్స్‌లో అదే తిప్పుడు ముందు భాగాన్ని కిందికి అదుముతుంది.

లాగే బరువును ఎక్కడ కడుతున్నామన్నదీ ఇంతే ముఖ్యం. ట్రాక్టర్ వెనక బరువు తగిలించే డ్రాబార్‌ను ఇరుసుకంటే కిందికి పెట్టి తయారుచేయడం వెనక ఒక లెక్క ఉంది. గొలుసు ఇరుసుకు కింద ఉన్నంతసేపూ బరువు లాగేకొద్దీ ముందు భాగం లేవబోయినా డ్రాబార్ కూడా కిందికి వంగి ఆ లాగుడు తగ్గుతూ వస్తుంది, ట్రాక్టర్ తనను తాను సర్దుకుంటుంది. చింతమొద్దు పెకలించాలనో, ఇరుక్కున్న లారీని లాగాలనో గొలుసును టాప్ లింక్ దగ్గరో, ఇరుసుకు చుట్టో, సీటు కింద కమ్మీకో కడితే ఆ సర్దుబాటు పోతుంది. గొలుసు ఎంత పైన ఉంటే ట్రాక్టర్‌ను వెనక్కి పడదోసే మీట అంత పొడుగవుతుంది. అక్కడ కట్టాక డ్రైవర్ ఎంత నేర్పరి అన్న ప్రశ్నకు అర్థం లేదు.

పక్కకు బోల్తా పడటంలో వేరే రహస్యం ఉంది. నాలుగు చక్రాలున్న బండి నాలుగు కాళ్ల మంచంలా నిలబడి ఉందని కంటికి అనిపిస్తుంది. ట్రాక్టర్ అలా నిలబడదు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలూ నేలకు ఆనాలని ముందు ఇరుసును మధ్యలో ఒకే పిన్ను మీద ఊగేలా అమర్చుతారు. ఆ పిన్ను కారణంగా ట్రాక్టర్ శరీరాన్ని మోసేవి మూడు బిందువులే, వెనక రెండు చక్రాలు, ముందు ఆ పిన్ను. ముక్కాలి పీట మీద ఒక మూలకు బరువు జరిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఊగే ఇరుసు దాని హద్దుకు తగిలేసరికి ట్రాక్టర్ చాలావరకు పడిపోయి ఉంటుంది. దీనికి వేగం తోడైతే లెక్క ఇంకా కఠినం. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బయటికి నెట్టే బలం ట్రాక్టర్‌ను నాలుగైదు డిగ్రీల వాలు మీద అడ్డంగా నిలబెట్టినంత. 20 కిలోమీటర్లకు అది 17 డిగ్రీల వాలుకు సమానం. 30కి వచ్చేసరికి 35 డిగ్రీలు. వేగం రెట్టింపైతే నెట్టే బలం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. కొండ వాలు మీద ట్రాక్టర్‌ను అడ్డంగా తోలమంటే ఒప్పుకోని డ్రైవర్, సాయంత్రం పొలం నుంచి ఇంటికొస్తూ చదునైన తారు రోడ్డు మలుపులో సరిగ్గా అదే పని చేస్తుంటాడు.

ఇక్కడే బ్రేకు పెడళ్ల గురించి చెప్పాలి. ట్రాక్టర్‌కు కుడి వెనక చక్రానికో పెడలు, ఎడమ చక్రానికో పెడలు ఉంటాయి. సాలు చివర చిన్న జాగాలో తిప్పుకోవడానికి ఒక్క పెడలే తొక్కితే ఆ చక్రం ఆగి, దాని చుట్టూ ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది. పొలంలో ఇది గొప్ప సౌకర్యం. రోడ్డెక్కేముందు రెండు పెడళ్లనూ కలిపే చిన్న ఇనుప గడియ వేయాలి. అది అరచేతిలో ఇమిడేంత ముక్క, పెడలు పక్కన ఒక పిన్ను మీద తిరుగుతూ ఉంటుంది. పదును రోజుల్లో పొలానికీ పొలానికీ మధ్య ఇరవైసార్లు రోడ్డెక్కి దిగే డ్రైవర్‌కు ప్రతిసారీ దాన్ని వేసి తీయడం విసుగు. కొన్నాళ్లకు అది మట్టి పట్టి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, లేదా ఊడి పడిపోతుంది. 25 కిలోమీటర్ల వేగంలో మేక అడ్డమొచ్చి కాలు ఒక్క పెడలు మీదే పడితే, ట్రాక్టర్ ఒకే చక్రం మీద తిరగబోతుంది. పై లెక్కలో పది మీటర్లు అనుకున్న వ్యాసార్ధం క్షణంలో రెండు మూడు మీటర్లవుతుంది. ఆ గడియకు నెలకోసారి రెండు చుక్కల నూనె వేసి ఆడుతోందో లేదో చూడటం, రెండు బ్రేకుల ఖాళీ సమానంగా ఉందో లేదో పరీక్షించడం, నా దృష్టిలో ఇంజిన్ ఆయిల్ మార్చడం కంటే ముందు చేయాల్సిన పనులు. ఆయిల్ మార్చకపోతే చెడేది ఇంజిన్ మాత్రమే.

వెనక ట్రాలీ తగిలిస్తే బరువుల సంబంధమే మారిపోతుంది. నిండా ఇసుకో, ఇటుకలో, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ను నమ్ముకున్న రైతుల మల్బరీ తోటలకు పేడ ఎరువో నింపిన ట్రాలీ, తనను లాగే ట్రాక్టర్ కంటే ఎన్నో రెట్లు బరువు తూగొచ్చు. ఊళ్లలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి పనిచేసే బ్రేకుండదు. దిగుడులో ట్రాక్టర్ ఆగాలని చూస్తే వెనక బరువు ఆగనివ్వదు, ట్రాక్టర్ వెనక భాగాన్ని పక్కకు తోసి చాకులా మడిచేస్తుంది. ఇక ఆ ట్రాలీలో మనుషులుంటే? 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీతో సహా మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. అదే ఏడాది ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిరపతోటకు వెళ్తున్న కూలీల ట్రాక్టర్ ఇలాగే కాలువలో పడింది. రెండుసార్లూ పొలం పనికి బయల్దేరిన కూలీలే. ట్రాలీ గోడలు సరుకు జారిపోకుండా కట్టినవి. అది తిరగబడినప్పుడు లోపలున్న మనిషికి అవే మూత అవుతాయి.

బోల్తా కంటే తక్కువగా మాట్లాడుకునే ప్రమాదం ఒకటుంది, అది పంట చేతికొచ్చే రోజుల్లో జరుగుతుంది. శెనక్కాయ కాయలు రాల్చే మిషన్‌ను ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్టుతో నడుపుతారు. దాని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు వ్యాసం ఎనిమిది సెంటీమీటర్లనుకుంటే దాని చుట్టుకొలత పాతిక సెంటీమీటర్లు, కాబట్టి దానికి తగులుకున్న గుడ్డను అది సెకనుకు రెండుంపావు మీటర్ల చొప్పున చుట్టేసుకుంటుంది. ధర్మవరం మగ్గం మీద రోజుల తరబడి నేసే చీర పొడవు ఐదున్నర మీటర్లు. అంత పొడవూ చుట్టుకోవడానికి షాఫ్టుకు రెండున్నర సెకన్లు చాలు. శెనక్కాయ కట్టె అందిస్తూ మిషన్ పక్కన నిలబడే వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నడుముకు దోపుకున్న కొంగు వంగినప్పుడు జారుతుంది, మగవాళ్ల భుజం మీద తువ్వాలూ అంతే. అంచు తగిలిందని తెలిసేలోపు, ఆ ముప్పావు సెకనులో, ఒకటిన్నర మీటరుకు పైగా చుట్టుకుపోయి ఉంటుంది. ఇక్కడ కూడా చురుకుదనం పనికిరాదు. పనికొచ్చేది షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు, ట్రాక్టర్ వైపు ఉండే ఇనుప డొప్ప. లోపల షాఫ్టు తిరుగుతున్నా బయటి తొడుగు కదలకుండా ఉంటుంది. గ్రీజు కొట్టడానికి అడ్డమని తీసి షెడ్డు మూలన పారేసేవాటిలో మొదటిది ఈ తొడుగే.

ప్రపంచంలో వేరే చోట్ల ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నారో చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. కెనడాలోని క్యుబెక్‌లో మంచు పేరుకున్న చలికాలాల్లో ఊళ్లకు దారులుండేవి కావు. 1934లో ఆసుపత్రికి చేర్చే దారిలేక చిన్న కొడుకును పోగొట్టుకున్న జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1937లో మంచు మీద నడిచే పట్టాల బండికి పేటెంట్ తీసుకున్నాడు. 1959లో అతని కంపెనీ ఒకరిద్దరు కూర్చుని పోయే స్నోమొబైల్‌ను అమ్మకానికి తెచ్చింది. దారి లేని చోట నడిచే బండి కాబట్టి అదీ ట్రాక్టర్‌లాగే పక్కకు ఒరుగుతుంది, మనిషిని విసిరేస్తుంది, వేలాడే మఫ్లర్‌ను తిరిగే భాగాల్లోకి లాక్కుంటుంది. దాని మీద కూర్చునేవాడు ఒక చిన్న తాడు కొసను కోటుకు తగిలించుకుంటాడు, రెండో కొస బండి స్విచ్చుకు ఉంటుంది. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. పడుతున్నవాడు ఇంజిన్ ఆపగలడని ఆశించకుండా, ఆ పని తాడుకు అప్పగించారు. అదే 1959లో స్వీడన్ కొత్త ట్రాక్టర్లన్నిటికీ డ్రైవర్ చుట్టూ బలమైన ఇనుప ఫ్రేము ఉండాలని చట్టం చేసింది. ట్రాక్టర్ బోల్తాపడినా డ్రైవర్ మీద దాని బరువు పడకుండా ఆ ఫ్రేము నేలకు ఆనుకుంటుంది. తర్వాత పాత ట్రాక్టర్లకూ దాన్ని వర్తింపజేశారు, బోల్తా మరణాలు అక్కడ దాదాపు కనుమరుగయ్యాయి. అమెరికాలో 1985 నుంచి 20 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు తయారీదారులే ఫ్రేము బిగించి ఇస్తున్నారు. ఫ్రేముతోపాటు సీటు బెల్టూ పెట్టుకుంటే నూటికి 99 బోల్తాల్లో ప్రాణహానీ తీవ్ర గాయమూ తప్పుతాయని అక్కడి వృత్తి భద్రతా పరిశోధకుల అంచనా. ఆ దేశాల రైతులు మనకంటే జాగ్రత్తపరులు కారు. ట్రాక్టర్లు అక్కడా తిరగబడుతూనే ఉన్నాయి, కింద మనిషి నలగడం ఆగింది.

మన దగ్గర ఇది వీలయ్యే పనేనా అన్న ప్రశ్నకు జవాబు పెనుకొండ దగ్గరే ఉంది. ఎర్రమంచిలోని కియా కర్మాగారం 2019 ఆగస్టు నాటికి కార్లను మార్కెట్‌కు ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త మోడల్ కార్లకు ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు 2021 ఏప్రిల్ నుంచి దేశమంతటా తప్పనిసరి. కారు నడిపేవాడు పొరపాటు చేస్తాడని చట్టం ముందే ఒప్పుకుని, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా ఏర్పాటు చేసింది. ఆ కర్మాగారం గోడకు అవతల దుక్కి దున్నే ట్రాక్టర్ డ్రైవర్‌కు మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండమన్న సలహా ఒక్కటే దక్కుతోంది. దేశంలో ఏటా లక్షల ట్రాక్టర్లు అమ్ముడవుతున్నప్పుడు ఈ తేడాకు సమర్థన నాకు కనిపించదు.

ఫ్రేము మీద రైతులు చెప్పే అభ్యంతరాలు తోసెయ్యదగ్గవి కావు. మామిడి తోటలో, చింతచెట్ల కింద అది కొమ్మలకు తగులుతుందంటారు. నిజమే, అందుకే మధ్యలో మడిచే ఫ్రేములు వచ్చాయి. మా నేల చదునుగా ఉంటుంది, ఇక్కడ కొండ లేదు గదా అంటారు. పైన చెప్పిన లెక్కల్లో ఒక్కదానికీ కొండ అక్కర్లేదు. గట్టూ, కాలువా, బావి అంచూ, రోడ్డు మలుపూ చాలు. ఎండకు టాపు వేయించాంగా అనేవాళ్లకు చెప్పాల్సింది వేరు. సన్నటి గొట్టాల మీద రేకో, రెక్సినో పరిచిన టాపు నీడనిస్తుంది, రెండు టన్నుల బరువును ఆపలేదు. పరీక్షకు నిలిచిన ఫ్రేముకూ వెల్డింగ్ షాపులో అతికించిన గొట్టాలకూ తేడా బోల్తా పడిన రోజున గానీ తెలియదు, అప్పటికి ఆలస్యం. ధర సంగతికొస్తే, ట్రాక్టర్ వెలలో ఫ్రేము వెల చిన్న వంతే. అయినా గంటకింత అద్దెకు తోలి కిస్తీ కట్టే యజమానికి అదీ బరువే, కాబట్టి ట్రాక్టర్ల మీదా పనిముట్ల మీదా సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం ఫ్రేమునూ షాఫ్టు తొడుగునూ అందులో షరతుగా చేర్చడం న్యాయం. బెల్టు విషయంలో ఒక హెచ్చరిక తప్పక గుర్తుపెట్టుకోవాలి: ఫ్రేము ఉన్న ట్రాక్టర్‌లోనే బెల్టు పెట్టుకోవాలి. ఫ్రేము లేని ట్రాక్టర్‌లో, లేదా ఫ్రేమును మడిచి ఉంచినప్పుడు బెల్టు పెట్టుకుంటే అది మనిషిని పడే బరువు కిందే కట్టేస్తుంది.

ఫ్రేము రానంతవరకూ చేతిలో ఉన్న పనులు చాలానే ఉన్నాయి, వాటిలో బ్యాటరీది నేను అన్నిటికంటే ముందు పెడతాను. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా, లేదా గేరు న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్ట్ అయ్యేలా ట్రాక్టర్లకు ఒక స్విచ్చు పెడతారు. బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లటి బూజు పట్టి, వైర్లు వదులై, తాళం తిప్పితే పలకనప్పుడు డ్రైవర్ కిందికి దిగి, పెద్ద చక్రం ముందు నిలబడి, స్టార్టర్ మోటారు రెండు కొసలకు స్క్రూడ్రైవర్ ఆనించి నిప్పురవ్వలు రేపుతాడు. ఇంజిన్ అందుకుంటుంది. గేరు పడి ఉంటే ట్రాక్టర్ కూడా అందుకుంటుంది, అతను నిలబడ్డది సరిగ్గా దాని దారిలోనే. ఆ స్విచ్చు చేసే కాపలా అంతా ఒక్క స్క్రూడ్రైవర్‌తో పోయింది. వేడినీళ్లలో వంటసోడా కలిపి, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా టెర్మినళ్లు కడిగి, బిగించి, వాసెలిన్ రాస్తే ఆ స్క్రూడ్రైవర్ అవసరమే రాదు. బ్యాటరీని ఎవరూ ప్రాణాలు కాపాడే భాగంగా లెక్కపెట్టరు, లెక్కపెట్టాలి. ట్రాలీ పిన్నుకు అడుగున చీలపిన్ను, వెనక ఎర్రటి రిఫ్లెక్టర్లు, రెండు వెనక టైర్లలో సమానంగా గాలి, చక్రాల బోల్టులు, ఇవి ఏ రైతుకైనా తెలిసినవే.

ఇవన్నీ పదునులో చేసే పనులు కావు. మే నెలలో, ట్రాక్టర్‌కు పనిలేక షెడ్డులో ఉన్నప్పుడు చేయాలి. అనంతపురం దాటి గుత్తి దారిలో వెళ్తే గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, బాగుచేసుకోవడం నేర్పే చోటు హిందూపురం రైతుకు పాత జిల్లాలోనే ఉండటం అదృష్టమే. అద్దెకు తోలే డ్రైవర్లలో ఒక్కొక్కరినీ వేసవిలో అక్కడికి పంపే బాధ్యత యజమానులు తీసుకోవాలి, ఆ రోజుల కూలీ కూడా వాళ్లే భరించాలి. మడిచే ఫ్రేము ఉన్న ట్రాక్టర్ కొన్నవాళ్లు నేర్చుకోవాల్సింది అదనంగా ఒకటుంది. తోటలోకి వెళ్లేముందు బెల్టు విప్పి ఫ్రేము మడవాలి, బయటికి రాగానే దాన్ని నిలబెట్టి రెండు వైపులా పిన్నులు దోపి, బెల్టు పెట్టుకున్నాకే రోడ్డెక్కాలి. ఆ పిన్నులు పారేసుకోకుండా చిన్న గొలుసుతో ఫ్రేముకే కట్టి ఇస్తారు. గొలుసు తెగితే కొత్తది వేయించడానికి పట్టేది పది నిమిషాలు.